నీటి లెక్కల మనిషి: డాక్టర్ కె.ఎల్. రావు

నాగావళి పుట్టుక గురించి మా ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. కరువుతో అల్లాడుతున్న జనం బలరాముణ్ణి వేడుకుంటే, ఆయన తన నాగలితో నేలను చీల్చి నీటిని రప్పించాడట. లాంగలమంటే నాగలి. ఆ నాగలి చాలున పుట్టింది కనుక నదికి లాంగుల్య అని పేరు, వాడుకలో నాగావళి. ఆ నది ఒడ్డునే ఆయన అయిదు శివలింగాలను ప్రతిష్ఠించాడనీ, ఎగువన పాయకపాడు, తర్వాత గుంప, సంగం, శ్రీకాకుళం, చివరికి సముద్రం దగ్గర కళ్ళేపల్లి ఆ అయిదు క్షేత్రాలనీ స్థలపురాణం. శివరాత్రినాడు సంగంలో, అంటే నాగావళిలో సువర్ణముఖీ వేగవతీ కలిసేచోట, నిలబడి చూస్తే ఆ కథను నమ్మాలనే అనిపిస్తుంది.

అయితే ఈ కథలో బలరాముడికి దొరికిన ఒక సదుపాయం ఆ తర్వాత ఏ ఇంజనీరుకూ దొరకలేదు. ఆయన ఎవరినీ అడగనక్కరలేకపోయింది. నాగలి సాగిన దారిలో ఎవరి ఊరు మునిగిందో, ఎగువవాడి వాటా ఎంతో, దిగువవాడి వాటా ఎంతో పురాణం చెప్పదు. మన కాలంలో నీటికోసం గీత గీయబోయే మనిషికి మాత్రం రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. నీళ్ళు ఎన్ని? అవి ఎవరివి? మొదటిది శాస్త్రం. రెండోది న్యాయం, రాజకీయం, ఇరుగుపొరుగుతనం కలిసిన చిక్కుముడి. మొదటి ప్రశ్నతో జీవితం మొదలుపెట్టి, రెండో ప్రశ్న దగ్గరకు నడిచి వెళ్ళిన ఒక ప్రభుత్వోద్యోగి కథ ఇది. ఆయన పేరు కానూరి లక్ష్మణరావు. దేశానికి డాక్టర్ కె.ఎల్. రావు.

ఆయన మా ప్రాంతంవారు కారు. 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. విజయనగరం వాణ్ణి నేనెందుకు ఆయన గురించి రాస్తున్నానో వ్యాసం చివరకు వచ్చేసరికి తెలుస్తుంది.

కంకిపాడు కృష్ణా డెల్టాలోని ఊరు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. లక్ష్మణరావుగారు పుట్టేనాటికి ఆ నీరు పారడం మొదలై దాదాపు అర్ధశతాబ్దం. కాలువ ఎప్పుడు వదులుతారు, తూము ఎప్పుడు ఎత్తుతారు, శివారు చేలకు నీరందుతుందా లేదా అన్నవి అక్కడి పిల్లలు అక్షరాలతోపాటు వినే మాటలు. తండ్రి కరణం. తొమ్మిదేళ్ళ వయసులోనే ఆ తండ్రి పోయారు. బడిలో ఆటలాడుతుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. మిగిలిన కంటితోనే మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్, గిండీలో ఇంజనీరింగు చదివారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన తొలి విద్యార్థి ఆయనే. రంగూనులో ఆచార్యుడిగా పనిచేశారు. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకుని, కొంతకాలం అక్కడే పాఠం చెప్పారు. కట్టడాల గురించీ, ఇనుపచువ్వలతో బిగించిన కాంక్రీటు గురించీ పాఠ్యగ్రంథం రాశారు.

అంటే స్వదేశానికి తిరిగివచ్చేనాటికి ఆయన ప్రధానంగా కట్టడాల శాస్త్రవేత్త. మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరిన తర్వాత ఆ శాస్త్రం నీటివైపు మళ్ళింది. 1950లో ఢిల్లీలో డిజైన్ల డైరెక్టరయ్యారు. 1954లో చీఫ్ ఇంజనీరు. కేంద్ర సాగునీటి, విద్యుత్ మండలికి అధ్యక్షుడిగా పనిచేశారు. మన దేశంలో మృత్తికాశాస్త్రాన్ని, పునాదుల శాస్త్రాన్ని అభ్యసించే ఇంజనీర్ల సంఘానికి 1950ల చివరలో నాయకత్వం వహించారు. భాక్రా, హీరాకుడ్, తుంగభద్ర, చంబల్, కోసి, నాగార్జునసాగర్, శ్రీశైలం, ఫరక్కా వంటి పథకాలలో ఎక్కడో ఒకచోట ఆయన చెయ్యి కనిపిస్తుంది. 1960లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1963 గణతంత్ర దినోత్సవాన పద్మభూషణ్ వచ్చింది.

ఇలా పదవుల పట్టీ రాసుకుంటూ పోతే అది జీవితచరిత్ర అవుతుంది గాని, ఆయన చేసిన పనేమిటో పాఠకుడికి తెలియదు. కాబట్టి కాసేపు పదవులను పక్కనబెట్టి నీటి లెక్క ఎలా పుడుతుందో చూద్దాం.

నది ఒడ్డున, వంతెన స్తంభానికో రాతిమెట్లకో ఒక కొలబద్ద ఉంటుంది. ఉద్యోగి ఒకడు రోజూ నియమిత వేళలకు వచ్చి నీటిమట్టం ఎంతో చూసి పుస్తకంలో రాస్తాడు. వరద రోజుల్లో గంటగంటకూ రాస్తాడు. మట్టం ఒక్కటే తెలిస్తే చాలదు. ప్రవాహపు వేగమూ కావాలి. అందుకోసం నదిని అడ్డంగా కొన్ని భాగాలు చేసి, ఒక్కో భాగంలో లోతు కొలిచి, చిన్న గిన్నెల చక్రంలా ఉండే వేగమాపకాన్ని నీటిలో దింపుతారు. నిర్ణీత సమయంలో ఆ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడితే వేగం తెలుస్తుంది. వైశాల్యాన్ని వేగంతో హెచ్చవేస్తే ప్రవాహం. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు. అలాంటివి 11,574 ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా పారితే ఒక టీఎంసీ, అంటే శతకోటి ఘనపుటడుగులు. పత్రికల్లో రోజూ కనిపించే ఈ రెండు మాటల వెనకా వానలో గొడుగు పట్టుకుని కొలబద్ద చదివిన ఒక అనామకుడుంటాడు.

ఒక ఏడాది కొలిస్తే చాలదు. నది ఒక ఏడు పొంగుతుంది, ఒక ఏడు ఎండుతుంది. దశాబ్దాల లెక్కలన్నీ ఎక్కువనుంచి తక్కువకు వరసగా పేర్చి, నూరేళ్ళలో డెబ్బయ్యయిదేళ్ళు తప్పక దొరికే నీరెంతో చూస్తారు. దాన్ని 75 శాతం విశ్వసనీయత గల దిగుబడి అంటారు. ప్రాజెక్టులు కట్టేదీ, రాష్ట్రాలు పంచుకునేదీ సాధారణంగా ఆ అంకెనే. కృష్ణ విషయంలో ఆ అంకె 2,060 టీఎంసీలని బచావత్ ట్రిబ్యునలు తేల్చింది. దానికి ఆధారం విజయవాడ దగ్గర 1894 నుంచి దాదాపు 78 ఏళ్ళపాటు నమోదైన ప్రవాహపు లెక్క. డెల్టాకు నీళ్ళు వదిలే పనిలో రోజువారీగా రాసిపెట్టిన అంకెలు ముప్పావు శతాబ్దం తర్వాత మూడు రాష్ట్రాల వాటాలను నిర్ణయించాయి: మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800. ఆ పుస్తకాలు చెదలు తిని ఉంటే ఏమయ్యేది?

ఇదేమీ ఊహామాత్రమైన ప్రశ్న కాదు. కృష్ణా గోదావరుల జలాల సంగతి తేల్చమని కేంద్రం 1961లో గుల్హాతీ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. మరింత సమాచారం సేకరిస్తే తప్ప నమ్మదగిన దిగుబడి కచ్చితంగా చెప్పలేమని ఆ కమిషన్ 1962లో నివేదించింది. స్వతంత్రం వచ్చి పదిహేనేళ్ళు, నాగార్జునసాగర్‌కు పునాది పడి ఏడేళ్ళు గడిచాక మనకు తెలిసివచ్చిన నిజమిది. కట్టడం ముందు నడుస్తోంది, కొలత వెనక వస్తోంది.

ఇక నాగార్జునసాగర్. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టవచ్చని ఖోస్లా సంఘం 1952లో సిఫార్సు చేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఈ ఆనకట్టతో కె.ఎల్. రావుగారి పేరు విడదీయరానిది. ప్రపంచం కాంక్రీటు ఆనకట్టల మోజులో ఉన్న రోజుల్లో ఇక్కడ రాతికట్టడం ఎంచుకున్నారు. భాక్రా కాంక్రీటుతో లేచింది. సాగర్ రాయి మీద రాయి పేర్చుకుంటూ దాదాపు 124 మీటర్ల ఎత్తుకు లేచింది. కారణాలు శాస్త్రానివి మాత్రమే కావు. సిమెంటు కొరత, విదేశీ యంత్రాలు కొనడానికి విదేశీ మారకద్రవ్యం కొరత. మనకు కొరతలేనివి రాయి, మనుషుల చేతులు. వేలాదిమంది కూలీలు, వాళ్ళలో సంసారాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళూ, పరంజాల మీదుగా రాళ్ళు మోశారు. బర్మింగ్‌హామ్‌లో చదివిన కట్టడశాస్త్రాన్ని పాలమూరు ఒడ్డెరల పనితనానికి అనుగుణంగా మలచడం చిన్న విషయం కాదు. చేతిలో ఉన్నదానితోనే కట్టగలగడం శాస్త్రానికి లోటు కాదు, శాస్త్రపు పరిణతి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఆ నీటి కింద ఊళ్ళు మునిగాయి. ఇక్ష్వాకుల విజయపురి మునిగింది. తవ్వి తీసినవాటిని కొండమీదికి చేర్చగలిగారు గాని, ఊళ్ళు వదిలివెళ్ళినవాళ్ళ పొలిమేరలను, శ్మశానాలను చేర్చే కొండ ఎక్కడా లేదు.

1962లో ఆయన ఉద్యోగజీవితం వదిలి విజయవాడనుంచి లోక్‌సభకు పోటీచేసి గెలిచారు. 1967లో, 1971లో మళ్ళీ గెలిచారు. 1963 జులైలో కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు. నెహ్రూ, లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ ముగ్గురి మంత్రివర్గాల్లోనూ 1973 దాకా ఉన్నారు. ఫైలు కింద సంతకం పెట్టిన మనిషే ఫైలు మీద సంతకం పెట్టే స్థానానికి వెళ్ళారన్నమాట. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు ‘ద క్యూసెక్స్ కాండిడేట్’. ఓట్లు అడగడానికి వెళ్ళినా క్యూసెక్కులు వదలలేదని తనమీద తానే నవ్వుకున్నట్టు ఉంటుంది ఆ పేరు.

కాని మంత్రిపదవిలో ఆయనకు ఎదురైనది లెక్కలకు లొంగని నీరు. మన రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల జాబితాలో ఉంది. అంతర్రాష్ట్ర నదుల అభివృద్ధి, క్రమబద్ధీకరణ మాత్రం, పార్లమెంటు చట్టం చేసిన మేరకు, కేంద్రానిది. 1956లో నదీజల వివాదాల చట్టం వచ్చింది. దేశంలో ఎన్ని నీళ్ళున్నాయో ఆ మంత్రికి తెలిసినంతగా మరొకరికి తెలియకపోవచ్చు. అయినా ఒక్క క్యూసెక్కును ఒక రాష్ట్రంనుంచి మరొక రాష్ట్రానికి మళ్ళించే అధికారం ఆయన కుర్చీకి లేదు. పైగా ఆయన ఆంధ్రుడు. ఏమి చెప్పినా తనవాళ్ళ వైపు చెప్పాడని ఎగువవాళ్ళు, చెప్పకపోతే తనవాళ్ళను విడిచిపెట్టాడని దిగువవాళ్ళు అనుకునే స్థితి. 1969లో కృష్ణా గోదావరి వివాదాలు ట్రిబ్యునళ్ళ ముందుకు వెళ్ళాయి. ఇంజనీరు ముగించలేని లెక్కను న్యాయమూర్తి చేతికి ఇవ్వవలసివచ్చింది.

ఆ నేపథ్యంలో చూస్తే ఆయన గంగా కావేరీ ప్రణాళిక నాకు కొత్తగా అర్థమవుతుంది. 1972లో ప్రతిపాదించిన ఆ పథకం సారాంశం ఇది. పాట్నా దగ్గర గంగ వరదనీటిలోంచి 60,000 క్యూసెక్కులు, ఏడాదికి 150 రోజులపాటు తీసుకోవాలి. దాదాపు 549 మీటర్ల ఎత్తుకు తోడి వింధ్యను దాటించాలి. నర్మద, గోదావరి, కృష్ణ, పెన్నల మీదుగా కావేరిదాకా 2,640 కిలోమీటర్ల జలమార్గంలో దించాలి. మన లెక్కతో చూస్తే ఏడాదికి సుమారు 780 టీఎంసీలు. ఆ నీటిని ఎత్తడానికే 5,000 నుంచి 7,000 మెగావాట్ల విద్యుత్తు కావాలి. అప్పటి దేశం అంత కరెంటును ఒక్క పంపులకోసం కేటాయించే స్థితిలో లేదు. ఖర్చుకూ ఫలితానికీ పొంతన కుదరదని కేంద్ర జలసంఘం పక్కన పెట్టింది. కాని ఆ ఆలోచన పోలేదు. 1980లో జాతీయ దృక్పథ ప్రణాళికగా, 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థగా మరోరూపం తొడిగింది. 2024 డిసెంబరులో కెన్ బెత్వా అనుసంధానానికి శంకుస్థాపన జరిగింది. తెలుగు బడిపిల్లలు వ్యాసరచన పోటీల్లో గంగా కావేరీ అనుసంధానం గురించి రాసినప్పుడల్లా, తెలిసో తెలియకో కంకిపాడు కరణంగారి అబ్బాయి గీసిన గీతనే దిద్దుతున్నారు.

ఇది ఒక ఇంజనీరు అత్యాశ అని కొట్టివేయడం తేలిక. నేనలా అనుకోను. పదేళ్ళు మంత్రిగా ఉండి, ఉన్న నీటిని పంచుకోవడానికి ఒప్పుకోని రాష్ట్రాలను చూసిన మనిషి, పంచవలసిన అవసరమే లేనంత నీటిని తెస్తే పోలేదా అనుకున్నాడేమో. న్యాయం ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు శాస్త్రవేత్త మళ్ళీ తనకు తెలిసిన మొదటి ప్రశ్నకే పరుగెత్తుతాడు. ఇది నా ఊహ. ఆయన మాట కాదు. అయితే ఆ పరుగులో ఒక లోపం ఉంది. గంగలో మిగులు ఉందని ఎవరు చెప్పాలి? బీహారు రైతు కదా? సముద్రంలో కలిసే నీరు వృథా అన్న మాట ఆ తరానికి స్వతస్సిద్ధం. ఆ నీరు మోసుకువచ్చే ఒండ్రుతోనే డెల్టా నిలుస్తుందని, ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపితే తీరం కోతకు గురవుతుందని ఇప్పుడు మనకు తెలుసు. ఆయన పుట్టిన కృష్ణా డెల్టాయే అందుకు ఒక ఉదాహరణ.

ఇప్పుడు మా ప్రాంతానికి వస్తాను. విజయనగరమంటే గురజాడ, ఆదిభట్ల, ద్వారం, సంగీత కళాశాల. మా సంభాషణల్లో నదులకు అంత చోటు ఉండదు. ఉన్నవి పెద్ద నదులు కావు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుడతాయి. ఒక్కోటి సుమారు 250 కిలోమీటర్ల పొడవు. చంపావతి, గోస్తని ఇంకా చిన్నవి. వాటిలో కలిసే గెడ్డలకు పక్క ఊళ్ళో పేరు తెలియదు. నాగావళి మీద తోటపల్లి దగ్గర 1908 నుంచి రెగ్యులేటరు ఉంది. దానికి తోడుగా పెద్ద బ్యారేజీ ప్రారంభమైనది 2015లో. ఒక తరం కట్టినదాన్ని పెంచడానికి మరో శతాబ్దం పట్టింది.

వంశధార కథ చూడండి. కె.ఎల్. రావుగారు తొలిసారి ఎన్నికైన ఏడాది, గుల్హాతీ నివేదిక వచ్చిన ఏడాది, 1962 సెప్టెంబరు 30న, ఆంధ్రప్రదేశ్ ఒడిశాలు వంశధార నీటిని చెరిసగం పంచుకోవాలని ఒప్పుకున్నాయి. దిగుబడి 115 టీఎంసీలు. మన వాటా 57.5. లెక్క ఇంత స్పష్టం. గొట్టా బ్యారేజీ వచ్చింది. కాని నేరడి దగ్గర తలపెట్టిన బ్యారేజీకి ఒడిశా వైపు కావలసినది నూరెకరాల పైచిలుకు భూమి మాత్రమే అయినా పేచీ తెగలేదు. 2010లో ట్రిబ్యునలు ఏర్పడింది. 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది: సగం సగం. అంటే 55 ఏళ్ళ తర్వాత మొదటి లెక్కే మళ్ళీ చెప్పారు. ఝంఝావతిదీ అదే కథ. 1970లలో పని మొదలైంది. ఒడిశాలో ముంపు విషయం తేలక ఆనకట్ట మధ్యలో ఆగింది. 2006లో కొమరాడ మండలంలో గాలితో నింపే రబ్బరు ఆనకట్ట పెట్టి, వచ్చినంత నీరు వాడుకోవడం మొదలుపెట్టారు. ముంపు సమస్య లేనంత మేరకే నీరు నిలపడం ఆ ఏర్పాటులోని కిటుకు. ఒప్పందం కుదరనిచోట ఇంజనీరు కనుక్కున్న వినయపూర్వకమైన ఉపాయమది. నాగార్జునసాగర్ రాయి ఎంత గొప్పదో, నా దృష్టిలో ఈ రబ్బరు సంచీ కూడా అంత గొప్పదే.

ఇందుకే ఆయన గురించి ఇక్కడ కూర్చుని రాయాలనిపించింది. ఉత్తరాంధ్ర వెనుకబాటుకు నీరు లేకపోవడమే కారణమని మనవాళ్ళు వేదికల మీద అంటారు. గోదావరి నీటిని పోలవరం ఎడమకాలువ మీదుగా తెచ్చే సుజల స్రవంతి పథకం గురించి ఆశపడతారు. ఆశపడవలసిందే. కాని మా గెడ్డల్లో ఎంత నీరు పారుతోందో మాకే లెక్క తెలియదు. శ్రీకాకుళం దగ్గర నాగావళినీ, ఎగువన గుణుపురం, కాశీనగరం దగ్గర వంశధారనూ కేంద్ర జలసంఘం కొలుస్తుంది. వాటికి పైన, పక్కన, ప్రతి సంవత్సరం పొంగి ఎండిపోయే వందల గెడ్డలకు కొలబద్ద లేదు. కొలవని నీటికి వాటా అడిగే హక్కు ఉండదు. కొలిచిన నీటికైనా పక్కవాడి ఒప్పుదల లేనిదే దారి ఉండదు. కె.ఎల్. రావుగారి ఉద్యోగజీవితం మొదటి వాక్యాన్ని నేర్పింది. మంత్రిజీవితం రెండోదాన్ని నేర్పింది.

పదవి పోయాక ఆయన 1975లో ‘ఇండియాస్ వాటర్ వెల్త్’ అనే గ్రంథం ప్రచురించారు. దేశంలోని నదీపరీవాహక ప్రాంతాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన పుస్తకం. 1986 మే 18న కన్నుమూశారు. పులిచింతల దగ్గర కృష్ణ మీద కట్టిన జలాశయానికి ఆయన పేరు పెట్టారు. అది 2013లో జాతికి అంకితమైంది. నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. 2021 ఆగస్టులో దాని గేట్లలో ఒకటి వరదకు కొట్టుకుపోయింది. మరమ్మతుకోసం జలాశయంలోని నీటిని చాలావరకు దిగువకు వదిలివేయవలసివచ్చింది. కట్టడాల శాస్త్రంలో డాక్టరేటు తీసుకున్న మనిషి పేరున్న ఆనకట్ట మనకు చెప్పిన పాఠం కూడా పాతదే: కట్టడం ఒకనాటి పని, కనిపెట్టుకుని ఉండడం రోజువారీ పని.

బలరాముడు నాగలి ఎత్తి వెళ్ళిపోయాడు. కె.ఎల్. రావుగారు కలం దించి వెళ్ళిపోయారు. ఈ రాత్రి ఒడిశా కొండల్లో వాన పడితే రేపు శ్రీకాకుళం వంతెన దగ్గర ఎవరో ఒకరు ఒడ్డుకు దిగి మట్టం చూసి అంకె రాస్తారు. ఇంకో యాభై ఏళ్ళకు ఎవరి వాటా ఎంతో తేల్చేది బహుశా ఆ అంకెే కావచ్చు.